నిదానంగా నడిచేవారి నుంచే లెక్క మొదలవ్వాలి

దివిసీమ ఉప్పెన మృతుల స్మృతిలో విజయవాడలో చేసిన ఉపన్యాస పాఠం

1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెనలో పోయినవారి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కలిశాం. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఆ రోజు సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిపడింది. సొర్లగొంది లాంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు పదివేలు; ఆ లెక్క చాలా తక్కువన్న మాట నేటికీ ఉంది. ఆ దెబ్బ నుంచి కృష్ణా డెల్టా ఒక పాఠం నేర్చుకుంది. తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. హెచ్చరికను ఊరి చివరి గుడిసె దాకా చేర్చే పద్ధతి ఏర్పడింది. పన్నెండున్నరేళ్ళ తర్వాత, 1990 మే 9న, మరో భీకర తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపు ఆగింది. వెయ్యి ప్రాణాలు తక్కువని ఎవరూ అనరు. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడాలో మనుషులు చేసుకున్న ఏర్పాటుకు పెద్ద వాటా ఉంది. ముందస్తు జాగ్రత్తల వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి ఇంతకన్నా దగ్గరి రుజువు అక్కర్లేదు.

అయితే ఆ పాఠంలో సగమే మనకు ఒంటబట్టిందని నా అభిప్రాయం. షెల్టర్ దాకా నడిచి వెళ్ళగలిగిన మనిషిని కాపాడటం నేర్చుకున్నాం. నడవలేని మనిషి సంగతి ఇంట్లోవాళ్ళకూ ఇరుగుపొరుగుకూ, వాళ్ళూ లేకపోతే అదృష్టానికీ వదిలేస్తున్నాం. హెచ్చరిక అందరి ఫోన్లకూ ఒకేసారి వస్తుంది. కాగితాలూ నగలూ మూటగట్టుకుని వీధి చివరికి చేరడానికి వయసులో ఉన్నవారికి పావుగంట చాలు. మోకాళ్ళు అరిగిపోయిన పెద్దావిడకు గంట పట్టొచ్చు. పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయనకు ఎంతసేపు పడుతుందన్నది ఆయన చేతిలో లేదు, మోసే నలుగురు ఎప్పుడొస్తారన్న దాని మీద ఉంది. అందుకే ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఒక కాలనీకి గాని, వృద్ధాశ్రమానికి గాని ఆపద ప్రణాళిక రాసేటప్పుడు అందరికంటే నిదానంగా కదిలే మనిషికి ఎంత సమయం కావాలో మొదట కనుక్కోవాలి. హెచ్చరిక, వాహనం, మోసే చేతులు, మందులు అన్నీ అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టి అమర్చుకోవాలి. ఇప్పుడు మనం నీటి మట్టం నుంచి లెక్క మొదలుపెట్టి, జనాభా మొత్తాన్ని ఒకే వేగంతో నడిచే గుంపుగా చూసి, మిగిలిపోయినవారి కోసం చివర్లో పడవ పంపుతున్నాం.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వరదతో విజయవాడకు ఈ సంగతి తెలిసొచ్చింది. బుడమేరు సహజంగా కొల్లేటికి పోయే వాగు. మైలవరం వైపు కొండల మీద కురిసిన వాన వెలగలేరు దగ్గరికి చేరుతుంది. అక్కడ రెగ్యులేటర్ కట్టి, వరదను డైవర్షన్ కాలువలోకి మళ్ళించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. కృష్ణ మామూలుగా ఉన్నంతకాలం ఇది పనిచేస్తుంది. ఆ రోజుల్లో కృష్ణ మామూలుగా లేదు. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2009 అక్టోబరు నాటి వరదను మించిపోయింది. నిండి పొర్లుతున్న నది కాలువ నీటిని తీసుకోదు. కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. వాగు తన పాత దారి పట్టింది. ఆ దారిలో ఇప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ ఉన్నాయి. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే గాని సెప్టెంబరు 7కి గండ్లు పూడలేదు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. కృష్ణ వరద చెప్పి వస్తుంది: శ్రీశైలం గేట్లు ఎత్తారు, సాగర్ గేట్లు ఎత్తారు, పులిచింతల నుంచి ఇంత వదిలారు అని ఒకటి రెండు రోజుల ముందే కబురు అందుతుంది. బుడమేరు అలా కాదు. కొండ మీద వాన పడిన కొద్ది గంటల్లో ఊళ్ళో ఉంటుంది. కట్ట తెగితే ఆ కొద్ది గంటలు కూడా ఉండవు. నిదానంగా కదిలే మనిషికి ఈ రెండు వరదలూ ఒకటి కావు. కాబట్టి ఒకే ప్రణాళిక రెండింటికీ సరిపోదు.

వరద అనగానే మనకు మునిగిపోవడమే గుర్తొస్తుంది. రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో ఉన్న పెద్దవారికి నీళ్ళు తగలను కూడా తగలవు. వారి ఆపద వేరే రకంగా మొదలవుతుంది. కరెంటు పోతుంది. లిఫ్టు ఆగుతుంది. మోటారు పనిచేయదు కాబట్టి పైన ట్యాంకు ఖాళీ అవుతుంది, మరుగుదొడ్డిలో పోయడానికి నీళ్ళుండవు. ఆక్సిజన్ యంత్రం ఇన్వర్టర్ మీద కొన్ని గంటలు నడిచి ఆగిపోతుంది. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే మనిషికి ఒక విడత తప్పితేనే ఒంట్లో నీరు చేరడం మొదలవుతుంది. బీపీ మాత్రలు చాలామంది నెల మొదట్లో కొంటారు, కాబట్టి నెలాఖరు వాన అంటే డబ్బా అడుగున నాలుగు మాత్రలు. వయసు మీదపడే కొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. దానికి తోడు మరుగుదొడ్డికి వెళ్ళాల్సి వస్తుందన్న భయంతో ఉన్న నీళ్ళు కూడా తాగరు. పొట్లంలో వచ్చిన పులిహోర పళ్ళు లేని నోటికి, షుగర్ ఉన్న ఒంటికి సరిపడదు. ఇక్కడ చిన్న విషయాలు తెలిసి ఉంటే పెద్ద మేలు జరుగుతుంది. ఫ్రిజ్ ఆగిపోయిందని ఇన్సులిన్ పారేయనక్కర్లేదు. ఎండ తగలకుండా చల్లటి చోట ఉంచితే వాడుకలో ఉన్న సీసా సాధారణంగా నాలుగు వారాల దాకా పనికొస్తుంది. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియకపోతే మొదటిరోజే దాన్ని పారేస్తారు, మూడోరోజుకు మనిషి మగతలోకి జారతారు. ఇలా పోయిన ప్రాణం వరద మృతుల జాబితాలోకి ఎక్కుతుందన్న నమ్మకం లేదు. గుండె జబ్బు అనో, వయసు మీద పడిందనో రాస్తారు.

ఇక ఆ మనిషిని కిందికి దించాలంటే ఏం కావాలో చూడండి. మన కాలనీల్లో మూడంతస్తుల ఇళ్ళకు మెట్లు ఇరుకు. సగంలో ఒక మలుపు ఉంటుంది. మంచంతో సహా దించుదామంటే ఆ మలుపులో మంచం తిరగదు. పరుపుతో దించుదామంటే మనిషి జారిపోతాడు. పనికొచ్చేది చేతులున్న గట్టి ప్లాస్టిక్ కుర్చీ. మనిషిని అందులో కూర్చోబెట్టి, నడుం చుట్టూ తువ్వాలుతో కుర్చీ వీపుకు కట్టి, వెనకొకరు, ముందొకరు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాలి. మలుపు దగ్గర ముందున్నవారు వెనక్కి తిరిగి దిగాలి. చీకట్లో, తడి మెట్ల మీద, మొదటిసారి చేసేవాళ్ళకు ఇది ప్రమాదకరమైన పని. ఎండవేళ రెండుసార్లు చేసి చూసినవాళ్ళకు కష్టమైనా చేతనయ్యే పనే. డ్రిల్లు చేయడమంటే ఇంతే, దానికి విజిళ్ళూ బ్యానర్లూ అక్కర్లేదు.

ఇదంతా చేయాలంటే ముందు ఎవరెక్కడ ఉన్నారో తెలియాలి కదా అంటారు. తెలుసు. నా వాదనలో అన్నిటికంటే బలమైన ఆధారం ఇదే అనుకుంటున్నాను. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000 అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి రూ.15,000. వార్డు సచివాలయ ఉద్యోగులు ఒకటో తేదీన ఇంటి గుమ్మంలోకి వచ్చి ఆ సొమ్ము చేతికిస్తారు. ఆ సెప్టెంబరు ఒకటి ఆదివారం కావడంతో పంపిణీని ఒకరోజు ముందుకు, ఆగస్టు 31కి జరిపారు. అంటే బుడమేరు ఊళ్ళోకి రావడానికి ముందురోజు వానలోనే పింఛన్ల పంపిణీ మొదలైంది. ఏ గుమ్మం వెనక ఎవరున్నారో చెప్పే జాబితా ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ జాబితా తయారైంది డబ్బు ఇవ్వడానికి. ఏ అంతస్తు, నడవగలరా లేదా, ఇంట్లో ఇంకెవరున్నారు, కరెంటుతో నడిచే యంత్రం ఏదైనా ఉందా అన్న నాలుగు ప్రశ్నలు దానికి చేరిస్తే అదే ప్రాణాలు కాపాడే జాబితా అవుతుంది. ఇది గొంతెమ్మ కోరిక కాదనడానికి మన దగ్గరే ఒక దారి ఉంది. తీరప్రాంతంలో తుపాను హెచ్చరిక రాగానే ప్రసవం దగ్గరపడ్డ గర్భిణులను ముందుగానే ఆసుపత్రులకు తరలిస్తున్నారు. ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో ఏఎన్ఎం దగ్గర, ఆశా కార్యకర్త దగ్గర రాసి ఉంటుంది కాబట్టి అది సాధ్యపడుతోంది. అందరితో పాటు వెళ్ళమని గర్భిణికి ఎవరూ చెప్పరు. ఆమెకు ఎక్కువ సమయం కావాలని ఒప్పుకుని ముందు పంపిస్తారు. ఆ మర్యాద మంచం పట్టిన తాతగారికీ దక్కాలి.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఒంటరిగా ఉండే పెద్దల చిరునామాలన్నీ ఒకచోట చేర్చి పెడితే దొంగలకు తాళం చేతికిచ్చినట్టే కదా? ఒంటరి వృద్ధులను నగల కోసం చంపిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే ఆ జాబితా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది కాకూడదు. వార్డు సచివాలయంలో ఒక ప్రతి, పోలీసు స్టేషన్‌లో ఒక ప్రతి ఉంటే చాలు. చేరాలా వద్దా అన్నది ఆ పెద్దల ఇష్టం. వీధిలో తమకు నమ్మకమున్న ఇద్దరి పేర్లు వారే చెప్పాలి. ఆ ఇద్దరికీ ఆ ఒక్క ఇంటి వివరం మాత్రమే తెలుస్తుంది. నిజానికి దొంగకు కావలసిన సమాచారం వీధిలో ఇప్పటికే ఉంది. తెలియనిది కాపాడటానికి వచ్చేవారికే.

పింఛను జాబితాలో లేనివారి సంగతి మరీ ఆలోచించాల్సింది. కృష్ణా జిల్లా పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు. తల్లిదండ్రులు విజయవాడ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో, నెలకింత కట్టి ఉండే వృద్ధాశ్రమాల్లో, సీనియర్ లివింగ్ పేరుతో కట్టిన సముదాయాల్లో ఉన్నారు. చేర్చే ముందు పిల్లలు గదులు చూస్తారు, భోజనం రుచి చూస్తారు, డాక్టరు వస్తారా, గుడి ఉందా అని అడుగుతారు. జనరేటర్ ఎక్కడ పెట్టారని అడిగేవారు అరుదు. మన భవనాల్లో జనరేటరూ కరెంటు ప్యానెల్ బోర్డూ చాలావరకు సెల్లార్‌లోనే ఉంటాయి. నీళ్ళు ముందు చేరేది అక్కడికే. ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలోనే అత్యవసర జనరేటర్లు కింది అంతస్తుల్లో ఉండి సునామీకి మునిగిపోయాయంటే, ఈ పొరపాటు చదువుకున్న ఇంజనీర్లు కూడా చేసేదేనని తెలుస్తుంది. రాత్రి పూట ఎంతమంది సిబ్బంది ఉంటారన్నది అడగాల్సిన రెండో ప్రశ్న. పగలు పదిమంది కనిపించే ఆశ్రమంలో రాత్రి ఒక ఆయా, ఒక వాచ్‌మన్ మాత్రమే ఉంటే, ఆ ఆశ్రమం సామర్థ్యం ఇద్దరు మనుషులే. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటల్లో తెల్లవారుజామున మంటలు లేచి పదిమంది చనిపోయారు. ఒక పనికి కట్టిన భవనంలో లేవలేని మనుషులను పెట్టినప్పుడు దారులు, మెట్లు, వైర్లు అన్నీ మళ్ళీ చూసుకోవాలని ఆ ఘటన చెబుతోంది. ఇళ్ళను అద్దెకు తీసుకుని నడిపే ఆశ్రమాలకు ఇది అక్షరాలా వర్తిస్తుంది.

డబ్బున్న దేశాల్లో ఇవన్నీ చక్కబడి ఉంటాయనుకోవడం భ్రమ. 2005 ఆగస్టులో కత్రినా తుపానుకు అమెరికాలో న్యూఆర్లీన్స్ పక్కన సెయింట్ రీటాస్ అనే నర్సింగ్ హోమ్‌లో 35 మంది నీట మునిగి చనిపోయారు. తరలించకపోవడం మీద యజమానులపై కేసు నడిచింది, 2007లో నిర్దోషులుగా బయటపడ్డారు. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను తర్వాత ఫ్లోరిడాలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీకి కరెంటు అందక ఉక్కకు 12 మంది పోయారు. దగ్గర్లోనే పెద్ద ఆసుపత్రి కరెంటుతో నడుస్తూనే ఉంది. ఆ తర్వాతే నర్సింగ్ హోమ్‌లకు జనరేటర్, 96 గంటల ఇంధనం తప్పనిసరి అంటూ ఫ్లోరిడా చట్టం చేసింది. 2015 మే వడగాడ్పులకు ఎంతమందిని పోగొట్టుకున్నామో గుర్తున్న ఆంధ్రులకు ఉక్క ఎంత పెద్ద ఆపదో చెప్పనక్కర్లేదు.

జపాన్ అనుభవం మనకు మరింత దగ్గరిది. 2016లో ఇవైజుమి పట్టణంలో వాగు పొంగి ఒక వృద్ధుల ఇంట్లో తొమ్మిదిమంది చనిపోయారు. మరుసటి ఏడాది చట్టం మార్చి, వరద ముప్పున్న చోట ఉండే ఇలాంటి కేంద్రాలన్నీ తరలింపు ప్రణాళిక రాయాలని, డ్రిల్లులు చేయాలని తప్పనిసరి చేశారు. అయినా 2020 జూలైలో కుమా నది పొంగినప్పుడు సెంజుయెన్ అనే కేంద్రంలో 14 మంది పోయారు. అక్కడ ప్రణాళిక ఉంది. పైఅంతస్తుకు మోయడానికి ఊరివాళ్ళూ వచ్చారు. లిఫ్టు లేదు, నీళ్ళు వేగంగా పెరిగాయి, మెట్ల మీద ఒక్కొక్కరినీ ఎత్తుకెళ్ళే లోపు సమయం అయిపోయింది. ప్రణాళిక ఉన్నా ప్రయోజనం లేదని దీన్నుంచి కొందరు అర్థం తీస్తారు. నేను అలా అనుకోను. అక్కడ లోటు మనుషుల్లో లేదు, గంటల్లో ఉంది. జపాన్ ప్రభుత్వం కూడా ఆ వైపే అడుగేసింది. 2021 నుంచి అక్కడ హెచ్చరికల్లో మూడో స్థాయికి వృద్ధుల తరలింపు అనే పేరే పెట్టారు. అందరూ కదలాల్సింది నాలుగో స్థాయిలో. ఒక మెట్టు ముందే పెద్దలు కదలాలి. మన విపత్తు నిర్వహణ సంస్థ పంపే సందేశంలో ఇలాంటి మెట్టు చేర్చడానికి కొత్త యంత్రాలేమీ కొననక్కర్లేదు.

పెద్దవాళ్ళను కదపడమే ప్రమాదం కదా అని వైద్యులు అడుగుతారు, న్యాయంగానే అడుగుతారు. 2011లో ఫుకుషిమా దగ్గరి ఫుతాబా ఆసుపత్రి నుంచి మంచం పట్టిన రోగులను బస్సుల్లో గంటల తరబడి తిప్పారు. దారిలోనూ ఆ వెంటనే కూడా పదుల సంఖ్యలో చనిపోయారు. ఏ హెచ్చరికకైనా అందరినీ బస్సెక్కించాలని అందుకే నేను అనడం లేదు. బుడమేరు లాంటి వరదకు మొదటి కదలిక పైకి. కింది అంతస్తులో ఉన్నవారిని అదే భవనంలోనో పక్క భవనంలోనో పైఅంతస్తుకు చేర్చి, వారం రోజులకు మందులూ నీళ్ళూ దగ్గర పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. డయాలసిస్ అవసరమైనవారు, ఆక్సిజన్ మీద ఉన్నవారు మాత్రం కట్ట తెగకముందే ఊరు దాటాలి. వారు ఎవరో ముందే తెలిస్తేనే ఈ ఎంపిక వీలవుతుంది.

చందాలతో నడిచే చిన్న ఆశ్రమాలు ఇంత భారం మోయలేవన్న మాటలో నిజముంది. జనరేటర్ కొనమని వాటి మీద జరిమానా వేస్తే మూసుకుంటాయి, అందులో ఉన్నవారు రోడ్డున పడతారు. కానీ లేవలేనివారిని పైఅంతస్తులోనో, మెట్ల దగ్గరి గదిలోనో పెట్టడానికి, పక్కనున్న కల్యాణమండపంతోనో కాలేజీతోనో ముందే మాట్లాడుకోవడానికి, ప్రతి మనిషి మందుల చీటీని ప్లాస్టిక్ కవరులో మంచానికి కట్టడానికి డబ్బు అక్కర్లేదు. డబ్బు కావలసిన చోట ప్రభుత్వం ఇవ్వాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం పందొమ్మిదో సెక్షన్‌లో ప్రతి జిల్లాకూ నిరాధార వృద్ధులకు కనీసం 150 మందికి చోటుండే ఆశ్రమాన్ని ప్రభుత్వం నెలకొల్పవచ్చని ఉంది. 2005లో చేసిన విపత్తు నిర్వహణ చట్టం పన్నెండో సెక్షన్ సహాయ శిబిరాల గురించి చెబుతూ వితంతువులకూ అనాథలకూ ప్రత్యేక ఏర్పాట్లుండాలంది. వృద్ధులను పేరు పెట్టి చెప్పలేదు. సాయంలో వివక్ష కూడదన్న అరవై ఒకటో సెక్షన్‌లో కులం, మతం, లింగం ఉన్నాయి, వయసు లేదు. చట్టం రాసినవారికి చెడు ఉద్దేశం ఉందనను. పెద్దవాళ్ళంటే కుటుంబంతోనే ఉంటారన్న నమ్మకంతో రాశారు. ఆ నమ్మకం మీద ఇప్పుడు ఆధారపడలేం. వృద్ధుల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ 14567 కూడా ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకే పలుకుతుంది. కట్టలు ఆ వేళలు చూసి తెగవు.

పెద్దవాళ్ళే రామంటారు, ఏం చేస్తాం అని అధికారులు విసుక్కుంటారు. ఆ నిరాకరణను మొండితనం కింద కొట్టిపారేయకూడదు. ఇల్లు వదిలితే సామాను పోతుందన్న భయానికి కారణముంది. శిబిరంలో కింద కూర్చోలేని మనిషికి తగిన మరుగుదొడ్డి లేదన్న భయానికి ఇంకా పెద్ద కారణముంది. అందరి ముందూ అవస్థ పడటం కన్నా ఇంట్లోనే ఏదైతే అది కానీ అనుకునే మామ్మగారిని తిట్టి లాభం లేదు. పునరావాస కేంద్రంగా వాడే ప్రతి బడిలో ఒక కమోడ్ కుర్చీ, పట్టుకోవడానికి గోడకు ఒక రాడ్, ఆడవాళ్ళకు అడ్డు తెర పెట్టి, ఆ సంగతి జూన్‌లోనే వెళ్ళి చెబితే సెప్టెంబరులో ఆవిడ సమాధానం మారుతుంది.

చివరి అభ్యంతరం విజయవాడలో ఇప్పుడు తరచుగా వినిపించేది. ఆపరేషన్ బుడమేరు కింద కాలువ వెడల్పు చేస్తారు, కట్టలు బలపరుస్తారు, ఆక్రమణలు తీస్తారు, ఇక ఈ గొడవ ఉండదు కదా అని. ఆ పనులు జరగాలి, త్వరగా జరగాలి. కానీ కాలువ ఎంత వెడల్పయినా అది పడేది కృష్ణలోనే. కృష్ణ 11 లక్షల క్యూసెక్కుల మీద ఉన్నరోజున కొండల్లోనూ కుండపోత కురిస్తే సమస్య మళ్ళీ మొదటికే వస్తుంది. పైగా ఇంజనీరింగ్ పనికి ఏళ్ళు పడతాయి. ఇప్పుడు ఎనభై దాటినవారికి ముందున్నది ఈ వానాకాలమే. సింగ్‌నగర్, పాయకాపురం వార్డుల్లో నైరుతి రాకముందే ఒక రాత్రి, వీధి దీపాలు ఆర్పి, సచివాలయ ఉద్యోగీ ఆ వీధి కుర్రాళ్ళూ కలిసి లేవలేని ఒక మనిషిని ఆయన ఒప్పుకోలుతోనే కింది గది నుంచి పైఅంతస్తుకు చేర్చి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలని నా విన్నపం. ఆ వీధిలో అలాంటివారు ఎందరున్నారో ఆ నిమిషాలను అంతతో హెచ్చవేస్తే, వెలగలేరు నుంచి ఫోను ఎన్ని గంటల ముందు రావాలో నీటిపారుదల శాఖకు తెలుస్తుంది.